కుంభవృష్టి నడక

మా ఇంట్లో కుంభవృష్టిని చూసి మొదట మొహం మాడ్చుకున్నది మా అమ్మాయి.

బడికి సెలవులిచ్చిన కొత్త. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. కిటికీలకు దుప్పట్లు కట్టి, హాలంతా చీకటి చేసి, టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ వీడియో ఆట ఇంకా బజార్లోకి రాలేదు. వాళ్ళ నాన్న ఆఫీసు నుంచి పరీక్ష కాపీ తెచ్చి, "ముందు నువ్వు చూడు, తర్వాత లోకం చూస్తుంది" అని దాని చేతిలో పెట్టాడు.

ఆట పేరు మచ్చిక. అడవుల్లోనూ వాగుల్లోనూ తిరిగే వింత జంతువుల్ని పట్టి, మచ్చిక చేసుకుని, పెంచి పోటీలకు దింపడమే అందులో పని. ఆ జంతువుల రూపాలు గీసేది మా ఆయన. వాటిని నడిపించేది నేను. ఏ కాలు ముందు లేవాలి, నడుం ఎక్కడ కుంగాలి, తోక ఎటు తూగాలి, అదంతా కంప్యూటర్లో నా చేతుల మీదుగా జరిగేది. ఆఫీసులో నన్ను నడకలమ్మ అనేవాళ్ళు. అనేవాళ్ళు అని ఎందుకంటున్నానంటే, అంతకు ముందు చలికాలంలో నన్ను తీసి కార్ల పందెం ఆటకు మార్చారు. కాళ్ళున్నవాటి నుంచి చక్రాలున్నవాటికి. "నీ చెయ్యి పడితేనే కార్లు కదుల్తాయి" అన్నారు. పొగిడితే పొంగనివాళ్ళెవరు? వెళ్ళాను.

మా అమ్మాయి పెంచుతున్నది తుంపర. నీటికుక్కలా పొడుగాటి ఒళ్ళు, పొట్టి కాళ్ళు, ఎప్పుడూ తడిసే ఉండే మీసాలు. మొదటి మచ్చికలో అది ఎప్పటికీ పిల్లే. అయినా దాని కోసమే ఆట కొన్నవాళ్ళు సగం మంది. ఈ రెండో ఆటలో అది పెరుగుతుందని, మొదట జల్లు అవుతుందని, ఆ తర్వాత కుంభవృష్టి అవుతుందని తెలిశాక జనం రోజులు లెక్కపెట్టుకుంటున్నారు. మా అమ్మాయి కూడా.

టీవీ తెరంతా తెల్లబడి, ఉరిమి, మళ్ళీ తేటపడింది.

రెండు కాళ్ళ మీద నిటారుగా ఒక మగమనిషి నిలబడి ఉన్నాడు. నీలం ఒళ్ళు, నీటికుక్క తల. మిగతాదంతా మనిషే. వెడల్పాటి భుజాలు, కండలు తేలిన పొట్ట, నడుముకి పటకా.

"ఇదేంటి?" అంది.

"కుంభవృష్టి" అన్నాడు మా ఆయన.

"నా తుంపరేది?"

"అదే ఇది. పెద్దదైంది."

"పెద్దదవలేదు నాన్నా. మనిషైపోయింది."

సోఫాలో కునుకు తీస్తున్న అత్తయ్య కళ్ళజోడు సర్దుకుని తెరవైపు చూశారు. "ఎవరే ఆ పెద్దమనిషి? ఒంటిమీద చొక్కా అయినా లేకుండా వచ్చాడు?"

నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు పూర్తిగా బయటికి రాకముందే కుంభవృష్టి నడవడం మొదలుపెట్టింది.

మడమ ముందు ఆని, తర్వాత వేళ్ళు. ఛాతీ కొంచెం ముందుకి. కుడిచెయ్యి ఊగుతోంది, ఎడమచెయ్యి ఊగడంలేదు, నడుం వెనక్కి పోయి అక్కడే ఉండిపోయింది. నడకల్ని చూసి బతికినదాన్ని. ఆ నడక వెనకాల నేను కూరగాయల బజారుకీ ఆస్పత్రికీ సినిమాకీ పెళ్ళిళ్ళకీ ఎన్నేళ్ళ నుంచి నడుస్తున్నానో నాకే తెలుసు.

మా ఆయన వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు. దాహమేస్తోందంటూ లేచి, టీవీకి అడ్డంగా వంటింటివైపు నడిచాడు. తెర మీద ఒకడు, తెర ముందు ఒకడు.

నేనూ వంటింట్లోకి వెళ్ళాను. మాట బయటికి పోకుండా కుళాయి తిప్పాను.

"ఆ సూటు నువ్వే వేసుకున్నావా?"

ఒంటికి అతుక్కునే నల్లసూటు ఒకటుంటుంది. దాని నిండా తెల్లగుండ్లు అతికించి ఉంటాయి. అది తొడుక్కుని మనిషి గదిలో తిరిగితే, చుట్టూ ఉన్న కెమెరాలు ఆ కదలికను పట్టి కంప్యూటర్‌కిస్తాయి. మనుషులుండే ఆటలకి అది సులువు. జంతువులకి పనికిరాదు. నీటికుక్కకి సూటెవరు తొడుగుతారు? అందుకే నాలాంటివాళ్ళు కూర్చుని ఒక్కొక్క అడుగూ కుట్టాలి.

"నటుణ్ణి పిలుద్దామనుకున్నారు. కుదరలేదు" అన్నాడు.

"ఒక్క కుంభవృష్టికేనా?"

ఆయన కుళాయి కట్టేశాడు. "పెద్దరూపాలన్నిటికీ."

"అన్నిటికీనా?"

"లోపల అస్థిపంజరం ఒకటే. పైన తోళ్ళు వేరు. పని తొందరగా తెములుతుందని..."

"మరి నేను చేసిన కుంభవృష్టి?"

నేను చేసింది నాలుగు కాళ్ళది. ఏనుగంత ఒళ్ళు, ఆ ఒళ్ళంతా నీళ్ళే. అది నడిచి ఆగితే కాళ్ళు ముందాగుతాయి, లోపలి నీళ్ళు ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చి ఆగుతాయి. ఆ ఆలస్యం కుదరడానికి నాకు చలికాలంలో సగం పట్టింది. కుదిరిన రోజు ఈయనే నా కుర్చీ వెనక నిలబడి, "చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తోంది" అన్నాడు.

"దాన్ని పక్కన పెట్టారు" అన్నాడు ఇప్పుడు.

"పెట్టారంటే? ఎవరు పెట్టారు?"

హాల్లోంచి మా అమ్మాయి అరిచింది. "నాన్నా! దీన్ని మళ్ళీ తుంపరని చెయ్యడమెలా?"

"వస్తున్నా" అని అదే అదనుగా జారుకున్నాడు.

ఎవరు పెట్టారన్నది మర్నాడు ఎముకల డాక్టరు చెప్పాడు. ఆయన డాక్టరేం కాదు. బొమ్మలకి లోపలి అస్థిపంజరాలు తయారుచేస్తాడు గనక ఆ పేరు. నెత్తిన నాలుగు వెంట్రుకలు, నోటినిండా నిజాలు. నేను వెళ్ళేసరికి టీ తాగుతూ కుంభవృష్టి తోలు ఊడదీసి, లోపలి ఎముకల గూడుని గిరగిరా తిప్పుతున్నాడు.

"నీకు తెలుసనుకున్నానమ్మా" అన్నాడు. "నడకల విభాగం ఎత్తేద్దామన్నది పెద్దసారు. మీ ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆఖరికి, 'సరే, పెద్దరూపాలన్నీ రెండు కాళ్ళ మీద నిలబెట్టేస్తాను, నడకలవాళ్ళ అవసరముండదు, మా ఆవిణ్ణి మాత్రం కార్లకి సర్దండి' అన్నాడు. ఆ ఇద్దరు ఆడపిల్లలూ పోయారు చూడు, నీ కింద పనిచేసినవాళ్ళు, అప్పుడే."

"వాళ్ళు వేరే ఉద్యోగం చూసుకున్నారన్నారు కదా?"

"చూసుకోమన్నాక చూసుకున్నారు."

నా బల్ల దగ్గరికి వచ్చి కూర్చున్నాను. తెర మీద ఎర్రకారు ఒకటి మలుపు తిరగడానికి సిద్ధంగా ఉంది. నా చెయ్యి పడితేనే కదుల్తుందట. దాన్ని అలాగే వదిలేసి సాయంత్రం దాకా గోళ్ళు కొరుక్కున్నాను.

తెలిసిందని ఇంట్లో చెప్పలేదు. చెబుతాడేమోనని చూశాను. అన్నం పెట్టాను, నీళ్ళు పెట్టాను, చూస్తూనే ఉన్నాను. ఆయన వాతావరణం గురించి మాట్లాడాడు.

వారం తిరక్కుండా ఆట నమూనాని జనంలోకి వదిలారు. రుచి చూడ్డానికి ఒక ముక్క అన్నమాట. అప్పుడు మొదలైంది.

మొదటిరోజు తిట్లు. తిట్లకి అలవాటుపడ్డ ప్రాణాలే మావి. రెండోరోజు నుంచి నవ్వులు. అది వేరే సంగతి. పెద్దరూపాలన్నిటినీ వరసగా నిలబెట్టి నడిపిస్తూ ఎవరో వీడియో పెట్టారు. గద్ద తలవాడు, తాబేలు వీపువాడు, మంటల జుట్టువాడు, నీలం ఒంటివాడు, అందరూ మడమలు ఆనిస్తూ, ఛాతీ ముందుకు తోసి, ఎడమచెయ్యి నడుం వెనక పెట్టుకుని వస్తున్నారు. 'అత్తారింటికి కొత్తల్లుళ్ళు వచ్చారు, కుర్చీలు వెయ్యండి' అని కింద రాశారు. అంతే, పేరు అతుక్కుపోయింది. తుంపర పెద్దదై ఏమవుతుంది? కొత్తల్లుడవుతుంది.

నవ్వించినవాళ్ళ మాటలు మా ఆయన దులపరించుకున్నాడేమో గాని, ఎవరో నవ్వకుండా రాసిన నాలుగు మాటలు మాత్రం ఆయన్ని పట్టుకున్నాయి. ఫోను అలా చేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చుంటే వంగి చూశాను. 'తుంపర నాతోపాటు పెరుగుతుందనుకున్నాను. అది పెరగలేదు. దాన్ని ఎక్కడికో పంపేసి, దాని చోట్లో ఎవరో వచ్చి నిలబడ్డారు. దీన్నెలా ముద్దుచేస్తాం? చెయ్యి కలిపి, బాగున్నారా అని అడగాలి' అని ఉంది.

ఆ సాయంత్రమే మా అమ్మాయి ఈత క్లాసు నుంచి తడిజుట్టుతో వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే నిలబడింది.

"అమ్మా, అక్కడ మగపిల్లలందరూ కొత్తల్లుడి నడక నడుస్తున్నారు. మా సారు కూడా నడిచి చూపించాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను." ఆగింది. "తర్వాత నవ్వు ఆగిపోయింది. అది నాన్న నడక కదా?"

అవునన్నాను.

"ఎవరికైనా తెలుసా?"

"మనకి తెలుసు."

అది తల తుడుచుకుంటూ లోపలికి పోయింది. గదిలోంచి వింటున్న మా ఆయన ఆ పూట బయటికి రాలేదు.

మర్నాటి నుంచి ఆయన నడక మార్చాడు. ఎడమచేతిని లాగి పక్కన పెట్టుకుని, కావాలని ఊపుతూ, ముందు వేళ్ళు ఆనించి నడవడం మొదలుపెట్టాడు. మనిషి తన నడకని తనే కనిపెట్టుకుని ఉంటే ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా? కొత్తగా అద్దెకి తెచ్చుకున్న కాళ్ళలా ఉంటుంది. మేడమెట్లు దిగుతూ రెండుసార్లు తూలాడు. పాలు తేవడానికి కూడా స్కూటరు తీస్తున్నాడు.

"కాలు బెణికిందిరా?" అన్నారు అత్తయ్య భోజనాల దగ్గర.

"లేదమ్మా."

"మరి ఆ నడకేంటి? నిప్పులమీద కోడిలాగా?"

మా అమ్మాయి పళ్ళెంలోకి చూస్తూ కూర్చుంది. నేనూ అంతే. అత్తయ్య మమ్మల్ని ఒక్కొక్కళ్ళనే పరకాయించి, విషయం ఏదో ఉందని గ్రహించి, ఆట మీదికి మళ్ళించారు. "నాకు తెలీకడుగుతాను. మొన్న టీవీలో చూశాను. ఆ నీలంవాణ్ణి ఇది 'కూర్చో' అంటే కూర్చుంటాడు, 'పోయి కొట్టు' అంటే కొట్టి దెబ్బలు తినొస్తాడు. జంతువైతే మచ్చిక అంటారు. మనిషైతే దాన్ని వెట్టి అంటారు. చూడ్డానికి నాకే సిగ్గేసింది."

మా ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. తూలకుండా, జాగ్రత్తగా.

ఎండలు ముదిరాయి. ఆఫీసులో ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడటం లేదు. పెద్దసారు మా ఆయన్ని గదిలోకి పిలిచి తలుపేసుకున్నారు. ఆయన బయటికి వచ్చేసరికి నేను కారిడార్లోనే ఉన్నాను. ఇద్దరం మెట్ల దగ్గరికి నడిచాం.

"అభిమానుల సభ పెడుతున్నారు" అన్నాడు. "నన్ను మాట్లాడమంటున్నారు."

"ఏమని?"

"ఇదంతా నా ఆలోచనేనని. జంతువు ఎదిగి మనిషవడం అనే భావం మీద కళాకారుడిగా ఏదో..."

"నీ ఆలోచనే కదా?"

తలెత్తాడు.

"ఎముకల డాక్టరు చెప్పాడు. ఎప్పుడో చెప్పాడు. నువ్వు చెబుతావని చూస్తున్నాను."

మెట్ల గోడకి వీపానించాడు. "నీ ఉద్యోగం పోతుందని..."

"నా ఉద్యోగం సంగతి నాకెందుకు చెప్పలేదు? నా కింద ఇద్దరు పిల్లలు పోయారు. వాళ్ళకి వీడ్కోలని కేకు నేనే కోశాను, తెలుసా? నవ్వుతూ కోశాను."

"చెబితే నువ్వు గొడవ చేసేదానివి."

"చేసేదాన్ని."

"అందుకే చెప్పలేదు."

"చూడు, నీ నడకకి ఊరంతా పేరొచ్చింది. నా నడక చెత్తబుట్టలో ఉంది. ఇద్దరి సంగతీ నువ్వొక్కడివే తేల్చేశావు. కాపురం ఇద్దరిదనుకున్నాను." పైనుంచి ఎవరో దిగుతున్నారు. ఇద్దరం నోళ్ళు మూసుకుని, వాళ్ళకి దారిచ్చి, వాళ్ళు పలకరిస్తే పళ్ళు కనిపించేలా నవ్వాం.

అప్పటి నుంచి మామధ్య మాటల్లేవు. "ఉప్పు", "తాళం", "గ్యాసు అయిపోయింది". అంతే. అత్తయ్య పూజగదిలో కూడా గొంతు తగ్గించారు. మా అమ్మాయి ఇద్దరి మధ్యా కబుర్లు మోసీ మోసీ విసుగెత్తి, "నేను తపాలా ఆఫీసునా?" అంది.

నా కంప్యూటర్లో నాలుగు కాళ్ళ కుంభవృష్టి అలాగే ఉంది. ఇంటర్నెట్లో అభిమానులు కూడే చోట ఎవరో రోజూ అడుగుతున్నారు, దీనికి ముందు వేరే రూపమేదైనా ఉండేదా అని. ఒక్క నొక్కు నొక్కితే అది వాళ్ళ కళ్ళముందుంటుంది. రెండు మూడుసార్లు వేలు అక్కడిదాకా వెళ్ళింది. చాటుగా చేసిన పనికి చాటుగా చేసే పని జవాబవుతుందా అనిపించి తీసేశాను. మంచితనం కాదు. కోపం ఆయన మొహం మీద చూపించాలనుంది, పేరు లేకుండా కాదు.

సభ పెట్టింది పాత నాటకాల హాల్లో. పంకాలు తిరుగుతున్నాయి, గాలి రావడంలేదు. కుర్చీలన్నీ నిండి గోడల వెంట కూడా నిలబడ్డారు. కొందరు తుంపర మీసాలు అతికించుకొచ్చారు. పెద్దసారు ముందు వరసలో కూర్చుని చొక్కా కాలరు సర్దుకుంటున్నారు. నేనూ మా అమ్మాయీ మధ్యలో ఎక్కడో ఇరుక్కున్నాం. వెళ్ళకూడదనే అనుకున్నాను. అది చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

వేదిక పక్కన తలుపు పాడైందట. అందుకని మాట్లాడేవాళ్ళు వెనక గుమ్మంలోంచి, జనం మధ్యలోంచి రావాలి. మా ఆయన పేరు పిలిచారు.

వెనక్కి తిరిగి చూశాను. గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మొహం పాలిపోయి ఉంది. కష్టపడి నేర్చుకున్న ఆ అద్దెకాళ్ళతో బయల్దేరాడు. వేళ్ళు ముందు, మడమ తర్వాత, చేతులు రెండూ ఊపుతూ. నాలుగైదు వరసలు దాటాడు. మా వరస దగ్గరికి వచ్చేసరికి మా అమ్మాయి నా చెయ్యి నొక్కింది.

అక్కడ ఒక్క క్షణం ఆగాడు. మమ్మల్ని చూసి కాదు, ఊపిరి తీసుకోవడానికి. మళ్ళీ కదిలినప్పుడు ఎడమచెయ్యి మెల్లగా నడుం వెనక్కి పోయింది.

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఆ వరస. తర్వాత హాలు హాలంతా. "కొత్తల్లుడు! అయ్యో, ఇతనే!" అని అరుపులు. ఈలలు. ఎవరో కుర్చీ ఎత్తి పట్టుకున్నారు. ఆయన వేగం పెంచలేదు, తగ్గించలేదు. మడమలు ఆనిస్తూ, ఛాతీ ముందుకి పెట్టి, ఆ నవ్వుల మధ్యలోంచి వేదిక దాకా నడిచి, మైకు ముందు నిలబడ్డాడు.

"అవును, నడక నాదే" అన్నాడు.

నవ్వు ఇంకోసారి పెరిగి, మెల్లగా తగ్గింది. ముందు వరసల్లోంచి ఒకమ్మాయి లేచింది. చేత్తో కుట్టుకున్న తుంపర బొమ్మని చంకలో పెట్టుకుని ఉంది. నవ్వడంలేదు.

"మాకు తుంపర కావాలి. పెద్ద తుంపర. దాన్ని మనిషినెందుకు చేశారు?"

పెద్దసారు ఆయన వైపే చూస్తున్నారు. ఆయన జేబులోంచి కాగితం తీసి, విప్పకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"నాలుగు కాళ్ళ నడక కష్టం. అది వచ్చినావిడ మా దగ్గరుంది. కుంభవృష్టిని నాలుగు కాళ్ళ మీద నడిపించింది కూడా. చాలా బాగా నడిపించింది. తొందరగా తెమల్చాలని నేను దాన్ని తీసేశాను. ఆవిణ్ణి కార్లకి పంపించేశాను." కొంచెం ఆగి, "అంతే" అన్నాడు.

చప్పట్లు లేవు. ఏం చెయ్యాలో తెలియక జనం ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. ఆవిడెవరో వాళ్ళకి తెలియదు. మా అమ్మాయి మాత్రం నా వైపు తిరిగి కళ్ళార్పకుండా చూస్తోంది. పెద్దసారు లేచి, ఫోను చెవికి ఆనించుకుని బయటికి వెళ్ళిపోయారు.

ఇంటికి తిరిగొస్తూ ఎర్రదీపం దగ్గర ఆగినప్పుడు ఆయనన్నాడు. "ఏదైనా అను."

"ఈసారి కూడా నన్నడగలేదు" అన్నాను.

"నీ గురించి మంచే కదా చెప్పాను?"

"మంచే చెప్పావు. నా సంగతి వెయ్యిమంది ముందు చెప్పావు, ముందు నాకు చెప్పకుండా. రేపు ఆఫీసులో అడుగుపెట్టేది నేను."

పచ్చదీపం పడింది. వెనకవాళ్ళు హారన్లు కొడుతున్నారు. "అడిగుంటే వద్దనేదానివా?" అన్నాడు, బండి కదపకుండా.

"ఏమో. అడిగుంటే తెలిసేది."

మర్నాడు ఆయన్ని ఆఫీసుకి రావద్దన్నారు. ఆ తర్వాత కూడా రావద్దన్నారు. నన్ను రమ్మన్నారు.

పెద్దసారు చెడ్డమనిషి కాదు. గాలి ఎటుంటే అటు తెరచాప తిప్పే మనిషి. "మీ ఆయన నా పరువు తీశాడమ్మా" అన్నారు. "ఆ సంగతి అలా ఉంచు. ఇప్పుడు జనం ఒకటే గోల, ఆ నాలుగు కాళ్ళదేదో చూపించమని. ఎన్నింటిని వెనక్కి తేగలవు?"

"ఒక్కదాన్నే అయితే కుంభవృష్టి ఒక్కటే. ఆ ఇద్దరు పిల్లల్నీ పిలిపిస్తే ఇంకొన్ని."

"ఒకర్ని పిలిపిస్తాను."

"ఇద్దరు."

"సరే, ఇద్దరు."

"మా ఆయన సంగతి?"

"కొన్నాళ్ళు పోనీ" అన్నారు. కొన్నాళ్ళు అన్న మాటకి అర్థం మా ఇద్దరికీ తెలుసు.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే చెప్పాను. "నన్ను మళ్ళీ నడకలకి పిలిచారు. వెళ్తున్నాను."

ఆయన బట్టలు మడతపెడుతున్నాడు. "వెళ్ళు" అన్నాడు.

"నిన్నడగడంలేదు. చెబుతున్నాను."

"అదే. వెళ్ళు."

దుప్పటి రెండో కొస నా వైపు చాపాడు. పట్టుకున్నాను. ఇద్దరం మడతపెట్టి అల్మైరాలో పెట్టాం. అత్తయ్య లోపల్నుంచి, "వంట ఎవరు చేస్తున్నారీపూట?" అని గట్టిగా అడిగారు. ఆ రోజు నుంచి ఆయనే చేశాడు. మొదట్లో అన్నం మాడింది, తర్వాత్తర్వాత తినగలిగాం.

ఆ పిల్లలిద్దరూ వచ్చారు. ఒకమ్మాయి నాతో చాలారోజులు ముభావంగానే ఉంది. కేకు కోసిన చెయ్యి కదా. నేనూ సర్దిచెప్పుకోబోలేదు, పక్కనే కూర్చుని పని చేశాను. గద్దకి రెక్కలూ, తాబేలుకి వంగిన నాలుగు కాళ్ళూ తిరిగొచ్చాయి. కుంభవృష్టి మళ్ళీ ఏనుగంతైంది. నడిచి ఆగితే, ముందు కాళ్ళాగి, తర్వాత నీళ్ళాగాయి. మిగతావాటికి వ్యవధి చాల్లేదు. అవి మా ఆయన నడకతోనే బజార్లోకి వెళ్ళాయి.

మొదటి వానలు పడుతుండగా ఆట విడుదలైంది. బ్రహ్మరథమేం పట్టలేదు, బోర్లా పడలేదు. కుంభవృష్టిని చూసి కొందరు కళ్ళు తుడుచుకున్నామని రాశారు. సగం మనుషులు, సగం జంతువులు, ఇదేం కలగూరగంప అని కొందరు తిట్టారు. వాళ్ళు చెప్పిందీ నిజమే. మంటల జుట్టు కొత్తల్లుడంటేనే ఇష్టమన్నవాళ్ళు కూడా కొందరు తయారయ్యారు. లోకం అలాంటిది. మా అమ్మాయి బడి తెరిచారు. మా ఆయనకి మాత్రం ఎక్కడి నుంచీ పిలుపు రాలేదు. స్కూటరు అమ్మేద్దామా అని నన్నడిగాడు. ఆగుదామన్నాను. ఆగాడు.

వాన పట్టుకున్న ఒక సాయంత్రం గొడుగు వంచుకుంటూ ఇంట్లోకొచ్చాను. అత్తయ్య నిద్రపోతున్నారు. మా అమ్మాయి హోంవర్కు చేసుకుంటోంది. బల్ల దగ్గర దానికెదురుగా కూర్చుని ఆయన గీస్తున్నాడు. ఆ వేసవి మొదలయ్యాక ఆయన పెన్సిల్ పట్టుకోవడం చూడలేదు.

"ఒకసారి చూస్తావా? తీరికుంటేనే" అన్నాడు.

చూశాను. ఏదో గడ్డిలో తిరిగే జీవి. పొట్టి మెడ, పెద్ద చెవులు, బరువంతా ముందుకే. ఇదివరకైతే గీతలన్నీ ముగించి, రంగులు కూడా వేసి నా బల్ల మీద పడేసి వెళ్ళేవాడు. ఇది ఇంకా పలచటి పెన్సిల్ గీతల్లోనే ఉంది.

"నడుస్తుందా?" అన్నాడు.

"నడవదు."

ఎదురుచూస్తున్నాడు. నేను కుర్చీ వీపు మీద చేతులానించి వంగాను. "ముందుకాళ్ళు మరీ దగ్గరగా ఉన్నాయి. తల ఇంత బరువు పెట్టావు. ఒక కాలెత్తితే మొహం మీద పడుతుంది."

రబ్బరు నా వైపు జరిపాడు. కుర్చీలో పక్కకి జరిగి చోటిచ్చాడు. తడిచీర కొంగు నడుముకి దోపుకుని కూర్చున్నాను. ముందుకాళ్ళు రెండూ చెరిపేస్తుంటే, రబ్బరు పొట్టుని ఆయన అరచేత్తో పక్కకి తుడిచాడు.

మా అమ్మాయి పుస్తకం మీదనుంచి తలెత్తింది. "దాని పేరేంటి నాన్నా?"

"ఇంకా పెట్టలేదు" అన్నాడు. "ముందు నడవనీ."